అలుమిత అత్త బొటనవేలు

చేప కనబడితే అలుమిత అత్త బొటనవేలు ఆగదు. పొట్ట మీద నొక్కాల్సిందే. వీర్యం తెల్లగా పాలలా చిమ్మిందో, "పెళ్ళికొడుకు!" అని అరిచి నీళ్ళలోకి విసిరేస్తుంది. అది ఎవరి పడవలో చేపైనా సరే.

అడ్డుపడటానికి లేదు. ఆవిడ పుట్టిన దీవికీ మా దీవికీ తౌవు వరస. ఎదుటివాళ్ళు ఎంత తిట్టినా, మన బుట్టలోంచి ఏం లాక్కున్నా నవ్వి ఊరుకోవాలి. మిగతా తౌవులు కొబ్బరికాయలో కోళ్ళో ఎత్తుకుపోతారు. మా ఖర్మకొద్దీ ఈవిడకు చేపల పెళ్ళిళ్ళు పట్టాయి.

ఆగస్టులో నీళ్ళు చల్లబడగానే మగ కవకవ చేపలు పగడపు దిబ్బ గండికి ముందుగా చేరి ఆడవాటికోసం కాచుకుంటాయి. మదమెక్కి, రంగు మార్చి, తిండి మరిచి కొట్టుకుంటాయి. ఆ కోపంలో ఎర లేని గాలాన్నైనా కరుస్తాయి.

"నెల దాటితే మళ్ళీ మామూలు మొగుళ్ళే. అందాకా బతకనియ్యండ్రా!" అనేది అత్త.

సరిగ్గా ఆ ఆగస్టులోనే నా పెళ్ళి. విందులో కవకవ లేకపోతే ఆడపెళ్ళివారి ముందు మా వంశమంతా తల దించుకోవాలి. నవిటలాయ్ బాబాయీ నేనూ నలభై పట్టాం. ఒడ్డున నడుం లోతు నీళ్ళలో అత్త సిద్ధం.

"అత్తా, ఇవాళొద్దు. రేపు నా పెళ్ళి."

"అందుకేరా వైసేలే!" అని నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఒక చేపను నొక్కింది. "పెళ్ళికొడుకు." చప్! "వీడూ పెళ్ళికొడుకే." చప్!

"వచ్చినవాళ్ళకేం పెట్టమంటావే, నీ బొటనవేలా?" అన్నాడు బాబాయి.

"వండుకో. నీ బుర్రకన్నా తొందరగా ఉడుకుతుంది."

చివరికి మూడే మిగిలాయి, బ్రహ్మచారులని తేలి.

పెళ్ళినాడు పొద్దున్నే ఆడపెళ్ళివారికన్నా ముందు అత్త దిగింది. వెంట ఆవిడ పుట్టింటి ఆడవాళ్ళు, మెడదాకా బురద, రెండు పడవల నిండా పీతలూ ఆల్చిప్పలూ! వారం రోజులుగా మడ అడవిలో తవ్వుతున్నారట.

"ముందే చెప్పి ఏడవచ్చుగా!" అన్నాడు బాబాయి.

"చెబితే ఇవీ తినేవాడివి, అవీ పట్టేవాడివి."

అత్త పుట్టింటి దీవి గండిని వ్యాపారుల ఐసు పడవలు మూడు సీజన్లలో ఊడ్చేశాయి. అడిగిన నాథుడు లేడు. గండిలో మగాళ్ళు పోయాక ఊళ్ళో మగాళ్ళూ పోయారు, పట్నం హోటళ్ళలో గిన్నెలు తోమడానికి.

విందయ్యాక స్నేహితులు నన్ను చుట్టుముట్టి యంగోనా వేరు పిసికిన మత్తు రసం చిప్ప మీద చిప్ప తాగిస్తున్నారు. కదలనివ్వరు. అవతల పెళ్ళికూతురు లుసియాన పెళ్ళిచాప మీద ఒక్కతే కూర్చుంది. అత్త గుంపులో దూరి, నా పొట్టలో బొటనవేలు గుచ్చింది.

"పెళ్ళికొడుకురా! వదిలెయ్యండి!"

రెక్క పట్టి లేపి లుసియాన పక్కకు విసిరేసింది. చప్!