గోలి మింగినవా?

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా చెబితే ఆటపట్టించేవాణ్ణి. ఇప్పుడు ఇది చదివి మీరు నవ్వినా నాకేం కోపం లేదు.

ఎల్బీనగర్‌లో ట్రాలీ ఆటో నడుపుతాను. తాగుడు మానేసేసరికే లివర్ గట్టిపడిపోయింది. డాక్టర్ గొంతులోకి గొట్టం వేసి చూశాడు. అన్నం దిగే గొట్టంలో రక్తనాళాలు ఉబ్బాయని, పగిలితే నెత్తురు కక్కుకుని పోతానని చెప్పాడు. వాటిలో ఒత్తిడి తగ్గడానికి రోజూ ఒక గోలీ రాశాడు. మళ్ళీ వస్తే వాటికి రబ్బరు బ్యాండ్లు వేస్తానన్నాడు.

మందుల షాపతను అది బీపీ గోలీ అన్నాడు. నాకు బీపీ లేదు. లేని రోగానికి మందెందుకని కొన్నాళ్ళకే మానేశాను. బ్యాండ్లకూ పోలేదు. అతితెలివి అంటే ఇదే.

ఒక మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో సరుకు దించి టీ కొట్టు ముందు నిలబడ్డాను. ఎవరో ముసలాయన వచ్చి నా కాలర్ పట్టుకున్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. పై పెదవి చీలి ఉంది.

"గోలి మింగినవా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే చెంప పగలగొట్టాడు. నా తలను ఆటోకేసి బాదాడు. కనుబొమ చిట్లి కంట్లోకి నెత్తురు కారింది. తిరిగి కొట్టబోతే నా చెయ్యి గాలిలో ఊగింది. ఆయన ఏడుస్తూనే కొడుతున్నాడు.

"దవాఖానకు పో. మీ అయ్య లెక్క నెత్తురు కక్కకు బిడ్డా."

టీ కొట్టాయన వచ్చి నన్ను పట్టుకున్నాడు. "ఏమైందన్నా, నీ తల నువ్వే గుద్దుకుంటున్నవేంది?" అన్నాడు. ముసలాయన అక్కడ ఎవరికీ కనబడలేదట. కానీ నా కాలర్ వెనకవైపు చిరిగి ఉంది. చెంప మీద వేళ్ళ గుర్తులు తేలి ఉన్నాయి.

అప్పుడే ఆసుపత్రికి పోయాను. ఒక రక్తనాళం పగలడానికి సిద్ధంగా ఉందట. డాక్టర్ నన్ను తిట్టి బ్యాండ్లు వేశాడు.

ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోన్లో చెప్పాను.

"ఆయన పెదివి చీలి ఉండెనా?" అని అడిగి ఏడ్చింది.

మా నాన్న పచ్చకామెర్లతో పోయాడనే నాకు తెలుసు. నిజానికి నెత్తురు కక్కుకుని పోయాడట. ఆయనా తాగేవాడు. కానీ నల్గొండ దగ్గరి మా ఊళ్ళో దాన్ని రోగమనుకోలేదు, బాణామతి చేశారన్నారు. ఇంటి వెనకుండే ముసలాయన మీద అనుమానపడ్డారు. మంత్రం పలకకుండా చేయాలని మా చిన్నాన్నలు ఆయన్ని కట్టేసి, రాయితో మూతి పగలగొట్టి, పళ్ళన్నీ ఊడగొట్టారు. ఆ దెబ్బలకే ఆయన చచ్చిపోయాడు.

ఇప్పుడు గోలీ తప్పకుండా వేసుకుంటున్నాను. పిలిచినప్పుడల్లా బ్యాండ్లకు పోతున్నాను. ఆ రోజు వచ్చిందెవరో, ఎందుకొచ్చాడో ఈనాటికీ చెప్పలేను. మా మీద పగ తీర్చుకోవాలంటే ఆయన ఏమీ చేయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు.