లేజరు పెట్టెకు బొట్టు

“ఒక్క బొట్టు పెడితే పెట్టె ఏమన్నా అరిగిపోతాదా అవ్వా?”

“పెట్టె నీది కాదు, నాదీ కాదు. కుంకుమ బయటనే పెట్టి రా.”

“మా నాయన ఉలికి బొట్టు పెట్టకుండా రాయి ముట్టడు.”

“ఉలినైతే కడుక్కుంటారు. పెట్టెలో ఉండే అద్దాన్ని యాడ కడుగుతావ్? పొడి పడిందంటే చెడేది నీ పనే.”

నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కళాశాల లేజరు గదికి నేను అటెండరుగా ఉన్న చివరి ఏడు, ఆయుధపూజ నాడు జరిగిన వాదన ఇది. నాతో వాదించింది శిరీష, అక్కడ పరిశోధన చేసే పిల్ల. ఆళ్లగడ్డలో శిల్పుల ఇంట పుట్టింది. వాళ్లింట్లో ఆ రోజు ఉలి, సుత్తి కడిగి, బొట్లు పెట్టి, మర్నాటి దాకా ముట్టరు.

అటెండరంటే ల్యాబు అసిస్టెంటుకు కింద. నేను చదివింది మూడో తరగతే. తడిగుడ్డతో నేల తుడవడం, లోపలికి పోయేవాళ్లకు తలటోపీ, నల్ల కళ్లద్దాలు ఇవ్వడం, లేజరు వెలిగేటప్పుడు తలుపు మీద ఎర్రబల్బు వేయడం నా పని. ముఖానికి పౌడరు రాసుకొచ్చినవాళ్లను కడుక్కోమని పంపేదాన్ని.

శిరీష చేసే పని ఆమే నాకు చెప్పింది. ఒక ఖనిజపు ముక్కను గమ్ముటేపుతో పొరలు పొరలుగా ఊడదీస్తే చివరికి కంటికి ఆనని పొర ఒకటి మిగులుతుంది. దానికి రెండు కొసలా బంగారం అతికించి ట్రాన్సిస్టరు చేస్తారు. కరెంటును పోనిచ్చే, ఆపే స్విచ్చు అన్నమాట. ఆ పొరలో గంధకం ఉంటుందట. బంగారం తగిలే చోట లేజరు వెలుగు కొలతగా పడితే గంధకం కొంచెం లేచిపోయి, కరెంటు సులువుగా దూరుతుంది. వెలుగు ఎక్కువైతే పొర కాలిపోతుంది. అప్పటికే రెండు కాలిపోయాయి. మిగిలింది ఒక్కటే. లేజరేమో అరువుది, పండుగ మర్నాడు వెనక్కు పంపాలి.

“ఇది కూడా కాలిందంటే మళ్లా మొదటికే అవ్వా,” అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కుంకుమను లోపలికి రానివ్వలేదు. కానీ ఆ పిల్లను ఊరికే పంపబుద్ధి కాలేదు. ఆమె కూర్చునే చెక్క స్టూలు మోసుకొచ్చి వరండాలో వేశాను.

“దినామూ దీని మీదనే గదా పని చేస్తాండావ్. దీనికి పెట్టుకో.”

మేము చర్చికి పోయేవాళ్లం. అయినా ఆమె బొట్లు పెడుతుంటే స్టూలు కదలకుండా పట్టుకున్నాను. ఆ తర్వాత దిష్టికని తెచ్చిన నిమ్మకాయలు తొక్కబోయింది. లాక్కున్నాను.

“తొక్కి పారేసేదానికి కొన్నావా? ఇట్ల తే.”

“మా నాయన కన్నా పిసినారివి అవ్వా నువ్వు,” అని అప్పుడు నవ్వింది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే: లోపలికి వద్దన్న మనిషే, బయట ఎక్కడ కుదురుతుందో కూడా చూపించాలి.

మర్నాడు పొద్దున్నే శిరీష తలస్నానం చేసి వచ్చింది. తల బాగా ఆరిన తర్వాతే టోపీ ఇచ్చాను. స్టూలుకు కుంకుమ ఉంది గనుక లోపల నిలబడే పని చేసింది. నేను ఎర్రబల్బు వేసి తలుపు దగ్గర ఉన్నాను. చాలాసేపటికి నల్ల కళ్లద్దాలు తీస్తూ బయటికి వచ్చింది.

“కాలలేదవ్వా. కరెంటు ముందుకన్నా బాగా పోతాంది.”

మెట్ల మీద కూర్చున్నాం. ఆ నిమ్మకాయలే పిండి, చక్కెర తక్కువగా వేసి, ఇద్దరికీ నీళ్లు కలిపాను.