మిషన్ హాల్లోకి మార్చిన వారం

అమీర్‌పేటలో మేము అద్దెకుంటున్న ఇంట్లో ఒక పడగ్గది, చిన్న హాలు, వంటిల్లు. కుట్టుమిషన్‌కు కిటికీ వెలుతురు కావాలని పదేళ్ల క్రితం నేనే దాన్ని పడగ్గదిలో మంచం పక్కన పెట్టించాను. తర్వాత కుట్టించుకుని తీసుకుపోని జాకెట్లు, ఫాల్ కోసం ఇచ్చిన చీరలు, మిగిలిన గుడ్డముక్కల మూటలు మంచం కింద నిండి, బీరువా మీదికెక్కి, చివరికి మంచంలోనే గోడవైపు సగం ఆక్రమించాయి.

మా ఆయనకు సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఇంటికి వచ్చేసరికి పొద్దున పది దాటేది. తిని, బట్టలు వదిలినంత జాగాలో ఒత్తిగిలి పడుకునేవాడు. పక్కనే నేను మిషన్ తొక్కుతుంటే గంటకే లేచి, "నిద్ర సరిపోయింది" అనేవాడు. నేను నమ్మేదాన్ని. నమ్మితే నా పని ఆగదు కదా.

పోయిన ఎండాకాలం మా పైవాటా ఆమె వాళ్ల అత్తను అదే ఆసుపత్రిలో చేర్చింది. ఇంటికి తెచ్చుకున్నాక ఒకరోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"అక్కా, ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?"

"లేదు. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"భాయ్ డ్యూటీ దిగినంక సుత గాడ్నే ఉంటుండు. మందుల షాపు ముంగట కుర్చీల్ల కూసోనే నిద్రపోతుండు. మూడు రోజులు చూసిన. నాకు ఫికరైంది."

ఆ రోజు ఆయన వచ్చి, మెడ రుద్దుకుంటూ అన్నానికి కూర్చున్నాడు.

"డ్యూటీ ఎన్నింటికి అయిపోతది?" అన్నాను.

"ఏడింటికి," అనేసి, నాలిక కరుచుకున్నాడు.

"మరి పదింటి దాక ఏడ ఉంటున్నవ్?"

"గాడ ఏసీ ఉంటదే. జర కునుకు తీసి వస్త. నేనొస్తే నీ మిషన్ పనికి అడ్డమైత. కాళ్లు చాపితే ఎవరి చీర నలుగుతదో అని నాకు భయం."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ వారం కొత్త బట్టలు తీసుకోలేదు. బట్టలకు గుచ్చిన చీటీల మీదున్న నంబర్లకు ఫోన్లు చేశాను. కొందరు వచ్చి తీసుకుపోయారు. ఒకామె, "అవి ఇప్పుడు నాకు పట్టవండీ, ఎవరికైనా ఇచ్చేయండి" అంది. పంజాగుట్టలో ఉండే ఒకామె నంబరుకు చేస్తే కూతురెత్తింది. వాళ్లమ్మ కిందటేడే పోయిందట. సాయంత్రం వచ్చి, ఆకుపచ్చ పట్టు జాకెట్టు అందుకుని మంచం అంచున కూర్చుంది.

"ఇది అమ్మ కొలతే కదా?"

"అవునమ్మా. మీకు సరిపోయేటట్టు లూజ్ చెయ్యాల్నా?"

"వద్దు, ఇట్లనే ఉండనీయండి."

ఆమె వెళ్లే దాకా నేను మిషన్ ముట్టలేదు.

గుడ్డముక్కల మూటలు బల్కంపేటలో బొంతలు కుట్టే ఆమెకిచ్చాను. మంచం జరిపి కింద కడిగాను. మిషన్‌ను ఇద్దరం పట్టుకుని హాల్లోకి మార్చాం.

"ఈడ నీకు వెలుతురు సాలది," అని గొణిగాడు.

"లైటు ఏసుకుంట. నీకెందుకు?"

కిటికీకి ముదురు నీలం పరదా కుట్టాను. ఇన్నేళ్లలో మా ఇంటికని కుట్టిన మొదటి పరదా అదే.

మర్నాడు ఏడున్నరకే వచ్చి మంచం నడిమధ్య కాళ్లు చాపి పడుకున్నాడు. నేను హాల్లో చేత్తో కాజాలు, హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నాను. రెండుసార్లు లేచి తొంగిచూశాను. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు చెరో పక్కకు పడేసి, పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. మూడింటికి కంగారుగా బయటికొచ్చాడు.

"లేపకపోతివేందే?"

"ఎందుకు లేపాలె?" అన్నాను.

ఇప్పుడు ఆయన లేచేదాకా నాది చేతికుట్టే. మిషన్ ఆ తర్వాతే. తొందరున్న కొందరు వేరే షాపులకు పోయారు, పోనిమ్మన్నాను. పొద్దున ఏడున్నరకు ఆయన డ్యూటీ నుంచి రాగానే ఇద్దరం టీ తాగుతాం. అంతకుముందు మేము కలిసి పొద్దుటి టీ తాగిన రోజులు నాకు పెద్దగా గుర్తులేవు.