మలుపు కాడి సప్పుడు

నా ప్యాంటు మోకాలి మీది ఇంజన్ ఆయిల్ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. వరంగల్ నుంచి తొర్రూరు పోయే బస్సులో అంటిందది. పక్కన కూర్చున్నాయన ఒళ్లో నూనె కారుతున్న గుడ్డమూట ఉంది.

"ఏందన్నా అది?" అన్నాను చిరాకుగా.

"కారు పాత టైమింగ్ చైన్, తమ్మీ, ఇంజన్ల తిరిగే గొలుసు. నడుస్తాంటె తెగింది. మెకానిక్ ఇంజన్ ఇప్పి, వంగిన వాల్వులు మార్చి, కొత్త చైన్ ఏసిండు."

"మరి కారేది?"

"షెడ్డులనే ఇడిసిపెట్టొచ్చిన."

మూట ముడి బిగించాడు.

"కారు సెకండ్ హాండుల కొన్నకాన్నుంచి ఈ చైన్ గలగల సప్పుడే. బాగు చేపిద్దామంటె మా ఆమె వద్దనేది. ఊరి మలుపు కాడ ఆ సప్పుడు ఇనంగనే చాయ్ పెట్టేది. పోయిన నెల గుండెపోటుతోని పోయింది. ఇయ్యాల మెకానిక్ కారు స్టార్ట్ చేసి, 'ఇగ సప్పుడే లేదు భాయ్, ఖుషీయేనా?' అన్నడు."

మరకను అరచేత్తో మూసుకున్నాను.

పత్తిచేల మధ్య బస్సు ఊరి మలుపు తిరిగింది. ఆయన మూటను రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఆడించాడు. గలగలమంది. అప్పుడు దిగడానికి లేచాడు.