బక్కయ్య సగం, అంజమ్మ సగం

పేరుకే బక్కయ్య. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు. సూర్యాపేట దగ్గర మూసీ ఒడ్డున చిన్న పల్లెలో చేపలు పట్టి బతికేవాడు. పని చేయడం కన్నా ఆ పని గురించి మాట్లాడడం అతనికి ఇష్టం. భార్య అంజమ్మది కోదాడ వైపు ఊరు. ఆమె మాట్లాడేది తక్కువ, కానీ బక్కయ్యకు ఆ తక్కువే ఎక్కువయ్యేది.

రజాకార్ల భయానికి ఇద్దరూ ఆమె పుట్టింట్లో నెలల తరబడి తలదాచుకున్నారు. అంతా సద్దుమణిగాక తిరిగి వచ్చేసరికి అటక మీది విసురువలను ఎలుకలు కొరికి పోగులు చేశాయి. అది నలభై తొమ్మిది ఎండాకాలం. తొలకరికి మూసీలో కొత్తనీరు వస్తే చేపలు ఎదురెక్కుతాయి. మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు నాడు ఊళ్లో ప్రతి ఇంటికీ చేప కావాలి. ఆలోగా కొత్త వల తయారు కావాలి.

"గదెంత పని నాకు," అని బక్కయ్య వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పాడు. చెప్పడంలోనే ఎండలు సగం గడిచాయి. చివరికి మిర్యాలగూడ పోయి నూలు తెచ్చాడు. ఆ ప్రయాణపు అలసట తీరేదాకా ఆ నూలుకట్ట మీదే తలపెట్టి పడుకున్నాడు.

"చేపలొచ్చినంక ఏట్ల నీ మాటలు ఇసురుతవా?" అంది అంజమ్మ. ఆమె కూడా నూలు అందుకుంది. చెరో సగం అల్లి మధ్యలో కుట్టేద్దామనుకున్నారు. వల కన్నుకు కొలత మూడు వేళ్లు. బక్కయ్య తన వేళ్లు పెట్టి అల్లాడు, అంజమ్మ తన వేళ్లు పెట్టి అల్లింది. ఎవరి వేళ్లన్నది ఇద్దరికీ తట్టలేదు.

కుట్టే రోజున రెండు సగాలూ పక్కపక్కన పరిచారు. అతని కన్నులు వెడల్పు, ఆమెవి ఇరుకు.

"నీది వల కాదే, జల్లెడ," అన్నాడు బక్కయ్య.

"నీది నులక మంచం. దానిమీద పండుకో."

విప్పి అల్లేందుకు వ్యవధి లేదు, మబ్బులు పట్టేశాయి. అట్లాగే కుట్టేసి, అంచుకు కాల్చిన మట్టిగుండ్లు కట్టి, నూలు గట్టిపడేందుకు తుమ్మచెక్క నీళ్లలో ఉడకబెట్టారు. బక్కయ్య అందుకు ఎంచుకున్నది ఆమె పుట్టింటి గంగాళం. అది ఎర్రబారిపోయింది. అంజమ్మ దాన్ని అతని చేతే ఇసుక పెట్టి తోమించింది.

కొత్తనీరు వచ్చింది. బక్కయ్య మోకాలి లోతులో నిలబడి, ఒడ్డున అందరూ చూస్తున్నారని రూఢి చేసుకుని వల విసిరాడు. అతని సగం విచ్చుకుంది, అంజమ్మ సగం ముద్దగా పడి నీళ్లలో మెల్లగా విచ్చుకుంది.

"బక్కన్నా, వల ఇసిరినవా, దుప్పటి ఆరేసినవా?" అన్నాడు పక్కింటి లక్ష్మయ్య.

లాగితే బరువుగా వచ్చింది. బక్కయ్య సగంలో ఒకే ఒక్క వాలుగ చేప, మోచేతి పొడవున. అంజమ్మ సగం నిండా చిన్న చిన్న పరిగె చేపలు తళతళలాడుతున్నాయి.

"సూసినవా నా సగం?" అన్నాడు బక్కయ్య వాలుగను ఎత్తి పట్టుకుని.

"సూసిన. మనకు కూరకు అయితది. ఊరికి నా సగం పంచుదాం."

మిరుగు నాడు ఆ పల్లెలో ప్రతి ఇంట్లోనూ పరిగెల పులుసు ఉడికింది. బక్కయ్య మాత్రం వాలుగను భుజాన వేసుకుని, ఇంటికి దగ్గరి దారి ఉన్నా ఊరంతా చుట్టి వచ్చాడు.

మరుసటి ఏడు వల మొత్తం అంజమ్మే అల్లింది. బక్కయ్య నూలు చుట్టి ఇచ్చాడు. చూడవచ్చినవాళ్లకు అల్లికలోని మెళకువలు కూడా అతనే ఓపికగా వివరించాడు.