మేడవీధికి వచ్చిన మేనత్త

నర్సీపట్నం రోడ్డు అనే రైల్వే స్టేషన్ నర్సీపట్నంలో ఉండదు. తెలియనివాళ్లు పేరు చూసి దిగిపోయి, ఊరేదని అడిగి, ఇంకా చాలాసేపు బస్సు ప్రయాణం ఉందని విని నీరుగారిపోతారు. అందుకే చుట్టాలొస్తే స్టేషన్ దాకా వెళ్లి తీసుకురావడం మా ఇంటి ఆచారం. తాతగారి కాలంలో గుర్రబ్బండి వెళ్లేది. ఆ తర్వాత నల్ల కారు. తొంభైల చివర్లో మా మేనత్త వచ్చినప్పుడు నేను బస్సులో వెళ్లాను. ఆచారం మాత్రం తప్పలేదు.

మామయ్యది రైల్వే ఉద్యోగం కావడంతో అత్తా వాళ్లు ఖరగ్‌పూర్‌లో ఉండేవారు. ఆమె పుట్టింటికి వచ్చి చాలా ఏళ్లయింది. ఈలోగా మా మేడ అమ్ముడైపోయింది. కొన్నవాళ్లు దాన్ని పడగొట్టి కొట్లు కట్టారు. మేము వెనక పెంకుటింట్లోకి మారాం; దానికి దారి వెనక సందులోంచే. ఒకప్పుడు అందులో ధాన్యం పోసేవారు. ఈ సంగతేదీ నాన్నగారు తన అక్కకు తెలియనివ్వలేదు. నేను బయల్దేరుతుంటే, "ఇంటికి చేరేలోగా నువ్వే చెప్పేయ్. నా వల్ల కాదు," అన్నారు. ఒక పని తన వల్ల కాదని ఆయన అనగా అంతకుముందు నేను వినలేదు.

ప్యాసింజరు దిగుతూనే అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"కారేదిరా?"

"లేదత్తా. అడ్డరోడ్డు దాకా ఆటో, అక్కణ్నించి బస్సు."

"సరే నడు. బస్సుకేం వచ్చింది?"

బస్సులో కిటికీ పక్కన నిటారుగా కూర్చుంది. కోటవురట్ల దాటినా నాకు మాట సందివ్వలేదు. ప్రతి మలుపుకీ పాత పేరొకటి చెప్పి, అవునా కాదా అని నన్ను పరీక్ష పెట్టింది. పెదబొడ్డేపల్లి దగ్గరకొచ్చేసరికి అదిరిపడింది.

"ఇదేంట్రా? ఇక్కడ పొలాలుండాలి. బొడ్డేపల్లి వేరే ఊరు కదూ?"

"ఇప్పుడు మన ఊళ్లో కలిసిపోయిందత్తా."

"ఎవర్నడిగి కలిసింది?"

వెనక సీటులో ఒకాయన పకపకా నవ్వాడు. "గవర్నమెంటోలు మనల్ని అడిగి సేత్తారేటమ్మా!" అత్త తల తిప్పలేదు గాని, ఆమె పెదవులు కూడా కాస్త కదిలాయి.

బస్సు దిగాక రిక్షా అతన్ని "మేడవీధి వస్తావా?" అని అడిగింది.

"ఎక్కండమ్మా."

ఆమె మొహం వెలిగిపోయింది. "చూశావా? ఇంటిపేరు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు."

నిజమే. అప్పటికి ఊరంతా డాబాలు లేచినా, మేడవీధి అంటే మా వీధే. నాకూ అది గర్వమే. కాని ఆ మాట విన్నాక నా పని మరింత కష్టమైంది. వీధి మలుపు కనిపించేసరికి ఇక ఆగలేకపోయాను.

"అత్తా, మేడ లేదు. అమ్మేశాం. పడగొట్టేశారు. మనం వెనకింట్లో ఉంటున్నాం."

ఆమె ఒళ్లో ఉన్న సంచీని దగ్గరకు లాక్కుంది. మా సంగతి తెలిసిన రిక్షా అతను మెల్లగా, "ఎనక సందులోంచి పోతే బేగి దిగిపోవచ్చమ్మా," అన్నాడు.

"ఎదర ఆపు."

మా సింహద్వారం ఉన్న చోట ఎరువుల కొట్టు ఉంది. అత్త పైటచెంగు సర్దుకుని, మెట్టు కింద చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. కొట్టు యజమాని లేచి నిలబడ్డాడు.

"ఏటి కావాలండీ అమ్మగారూ?"

"దారి."

"ఎక్కడికండీ?"

"మా ఇంట్లోకి. ఇది మా చావడి. నేనీ ఇంటి ఆడపడుచును."

ఆయన నా వైపు చూశాడు. "మా మేనత్తండీ," అన్నాను. అంతకుమించి నేను చెప్పాల్సింది లేకపోయింది. ఆయన వెనక తలుపుకి అడ్డంగా ఉన్న బస్తాలు తనే పక్కకి లాగి, గడియ తీసి, "మెల్లగా రండమ్మా, గుమ్మం ఎత్తు," అన్నాడు.

ఆమె చెప్పులు నేను పట్టుకున్నాను. పెరట్లో నాన్నగారు వెనక సందు తలుపు దగ్గర, మాకు వీపు పెట్టి, దారి చూస్తూ నిలబడి ఉన్నారు.

"ఏరా తమ్ముడూ, అటేం చూస్తావు? నేనెప్పుడైనా దొడ్డిదారిన వచ్చానా?"

నాన్నగారు వెనక్కి తిరిగారు. జారిన కండువా భుజం మీద వేసుకుని ఎదురొచ్చారు.