విత్తనానికి విడిచిన ముల్లంగి

ఆదినారాయణ లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే కొడుకు రమణబాబు క్వార్టర్‌కి చేరాడు. వెనక కాస్త పెరడుంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే టీవీ ముందు కూర్చుని ఆయనకి ఎప్పుడో పిచ్చెక్కేది.

ఈ ఏడు ఆ పెరడు కూడా ఆయన్ని ఏడిపించుకు తింది. ధనియాలు నలిపి బద్దలు చేసి చల్లితే పిచ్చుకలు ఏరుకుపోయాయి. మెంతికూర అకాల వర్షానికి కుళ్లిపోయింది. బజారు ప్యాకెట్ ముల్లంగి వేస్తే ఆకు చేటంత, దుంప చిటికెనవేలంత. కొట్టువాణ్ణి అడిగితే మట్టిలో దోషమన్నాడు. ఆ కాలనీ మట్టితో ఇరవయ్యేళ్లుగా కాపురం చేస్తున్నవాడికి చెప్పే మాటేనా అది!

వీటన్నిటినీ ఓర్చుకున్నాడు. ఆయన బెంగంతా ఇంటి ముల్లంగి మీద. పలాస దగ్గర సొంతూరి నుంచి తల్లి కొంగున ముడేసి తెచ్చిన విత్తనం అది. ఊళ్లో ఇప్పుడన్నీ జీడితోటలే, అక్కడ అడిగినా దొరకదు. పోయిన వానాకాలం డబ్బాలోకి చెమ్మ చేరి విత్తనమంతా బూజుపట్టింది. బాగున్న చిటికెడూ దసరా వెళ్లగానే చల్లేస్తే పదకొండు మొలిచాయి. దుంపలు ఊరాక నాలుగు మేలైనవి ఏరి, ఆకు బెత్తెడుంచి, దుంప కింది సగం కోసేసి మళ్లీ పాతాడు. వాళ్లమ్మ పద్ధతి అదే. పూత వచ్చింది, కాయ కట్టింది. ఈ నాలుగూ పోతే తల్లి విత్తనం అంతటితో సరి.

ఇంత సంగతీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. విత్తనానికి విడిచిన మొక్కను వేలెత్తి చూపకూడదు, కాయ ఎండి గలగలమనేదాకా నోటితో అనకూడదు, దిష్టి తగులుతుందని తల్లి నియమం. ఆదినారాయణ పూజలూ ఉపవాసాలూ ఎప్పుడో మానేశాడు గాని ఇది మానలేదు.

ఫిబ్రవరిలో ఒకనాడు పశువుల జొన్న విత్తనం కోసం పొద్దున్నే రైల్లో కర్గీ రోడ్ అనే ఊరికి వెళ్లాడు. పక్కింటి సాహు వాళ్ల ఆవుకి పెరట్లో ఓ మూల మేత పెంచుతాడు, వాళ్లు పేడ ఇస్తారు. బండి ఆలస్యమై, ఆకలితో నకనకలాడుతూ మధ్యాహ్నం ఇల్లు చేరితే, బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన కోడలు రాజశ్రీ వేడన్నం పెట్టింది. కూర అద్భుతంగా ఉంది. రెండోసారి కూడా వేయించుకున్నాడు.

"ఏటి కూరమ్మా ఇది? బాగా కుదిరింది."

"మూలీ కీ ఫలీ, ముల్లంగి కాయలు మావయ్యా. మన పెరట్లోవే. సాహు ఆంటీ నేర్పించారు. మీరు సరిగ్గా తినట్లేదు కదా, పసంద్ అవుతుందని చేశాను."

ఆదినారాయణ ఎంగిలిచేత్తోనే పెరట్లోకి పరిగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నాలుగు మొక్కలూ బోడిగా నిలబడి ఉన్నాయి.

"ముదురు కాయలుండాలి కదా. అయ్యేటి సేసినావు?" గుమ్మంలోకి వచ్చిన కోడల్ని అడిగాడు.

"పీచుగా ఉన్నాయని ఆంటీ వాళ్ల ఆవుకి వేసేశాను."

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయనకి ఒళ్లంతా మండిపోయింది. అరుద్దామంటే, లొట్టలేసుకుంటూ మెచ్చుకున్నది తనే.

"అయి ఇత్తనానికి ఇడిసినానమ్మా. మా యమ్మ తెచ్చిన ఇత్తనం. ఇంక నేదు."

రాజశ్రీ ముఖం పాలిపోయింది. "ఒక్క మాట చెప్తే ముట్టుకునేదాన్ని కాదు కదా మావయ్యా. బీజ్ కోసం అలా వదులుతారని నాకేం తెలుసు?"

నిజమే అనుకున్నాడు ఆదినారాయణ. తల్లి రోజుల్లో ఇంట్లో చంటిపిల్లకైనా విత్తనపు మొక్క ఏదో తెలుసు. అందరికీ తెలిసిన ఇంట్లో నోరు మెదపకపోవడం నియమం. ఎవరికీ ఏమీ తెలియని ఇంట్లో నోరు మెదపకపోవడాన్ని ఏమంటారు? కోపం కోడలి మీంచి తన మీదికి తిరిగింది. అక్కడి నుంచి ఇంకెటూ పోలేదు.

లోపలికి వచ్చేసరికి రాజశ్రీ కూరగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "ఇది పారేస్తాను. చూస్తే మీకు బాధగా ఉంటుంది."

"పారీకు." ఆదినారాయణ మళ్లీ కంచం ముందు కూర్చున్నాడు. "నువ్వూ కంచం తెచ్చుకుని కూకో. మా యమ్మ ముల్లంగి, ఇదే ఆకరు. నువ్వూ తిను."